పసుపు పూసిన మైల కార్డు

తొమ్మిదో భాగం

ఇంతవరకూ చదివినవాళ్ళలో కొందరు నామీద జాలిపడుతున్నారట. "పాపం కుర్రవాడు, పెద్దవాడి మాట విని చెడిపోయాడు" అని ఒకావిడ పత్రికవాళ్ళకి ఉత్తరం కూడా రాసింది. ఆవిడకి నా నమస్కారం. ఈ వారం చదివాక ఆ జాలి ఎవరికి చెందాలో ఆవిడే తేల్చుకోవచ్చు.

కొత్తగా చదివేవాళ్ళకి నాలుగు ముక్కలు. నా పేరు జ్ఞానప్రకాశం. కావలి మిషన్ బడిలో చదువుకుని, ఇరవై నాలుగో ఏట, 1960లో, చవిటిపాళెం పోస్టాఫీసుకి పోస్టుమాస్టరుగా వెళ్ళాను. అటు సముద్రం, ఇటు బకింగ్‌హాం కాలువ, మధ్యన ఉప్పు పేలిన నేల, దాని మీద ఒక పెంకుటిల్లు. ముందు గది ఆఫీసు, వెనక గది నా కాపురం. ఉద్యోగులం ఇద్దరమే. రెండోవాడు పోస్ట్‌మ్యాన్ హజరత్తయ్య. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. పదిహేనేళ్ళుగా ఆ ఊళ్ళో ఉత్తరాలు పంచుతూ, చదువు రానివాళ్ళకి గడపలో నిలబడి చదివిపెడుతూ ఉన్నవాడు. నేను వెళ్ళిన మొదటి నెలలోనే చలిజ్వరం వస్తే తొమ్మిది రోజులు నా మంచం పక్కన కూర్చున్నాడు. ఆ తొమ్మిది రోజులూ టపా సంచీ ఆయనే విప్పాడు, ముద్రలు ఆయనే కొట్టాడు. సంచీ విప్పడం పోస్టుమాస్టరు పని. జ్వరం తగ్గాక కూడా నేను ఆ పని వెనక్కి అడగలేదు. స్నేహితుడు ప్రేమగా మన పని చేసిపెడుతుంటే వద్దనేవాడు ఎవడు?

కార్తీక మాసంలో ఒక పొద్దున ఆయన ఒక కార్డుని మూల పట్టుకుని తెచ్చి నా ముందు పెట్టాడు. మైల కార్డు, అంటే చావు కబురు. అండమాన్ దీవుల్లో రంపపు మిల్లు పనికి వెళ్ళిన పట్టపుపాళెం పోలయ్య, దుంగ మీదపడి చనిపోయాడని ఉంది. పోలయ్య భార్య నాగులమ్మకి అప్పుడు ఏడో నెల. అంతకుముందు రెండు కాన్పులు దక్కలేదు. "ఇప్పుడు చెప్తే రెండు పేణాలు పోతాయి తమ్ముడూ. కానుపు కానీ" అన్నాడు హజరత్తయ్య. సరేనన్నాను. మైల కార్డు ఎక్కువసేపు చేతిలో ఉంచుకోకూడదని, చదివిన వెంటనే చించి పారేసి కాళ్ళూ చేతులూ కడుక్కోవాలని అక్కడి ఆచారం. మా ఇళ్ళల్లో ఆ పట్టింపు లేదు. అయినా ఒకరి ఊళ్ళో ఉండి ఒకరి ఆచారం తప్పడం ఎందుకని ఆయన చేతికే ఇచ్చేశాను. ఆయన పెరట్లోకి వెళ్ళి, చేతులు కడుక్కుని వచ్చాడు.

నాగులమ్మ టపా వచ్చిన రోజల్లా కిటికీ దగ్గరకొచ్చి ఉత్తరం ఉందా అని అడిగేది. లేదు లేదు అంటుంటే ఆమె మొహం మాడిపోయేది. అప్పుడు హజరత్తయ్య రాయమంటే పోయినవాడి పేరు మీద నేను ఉత్తరం రాయడం మొదలుపెట్టాను. పోలయ్యకి చదువు లేదు, అక్కడ ఎవరో ఒకరు రాసిపెట్టేవారు, కాబట్టి ఎవరి దస్తూరీ అయినా చెల్లింది. కూలి అంతా ఏడాది గడిచి తిరిగొచ్చాకే చేతికిస్తారన్నది ఒప్పందం, కాబట్టి మనియార్డరు రాలేదేమని ఆమె అడగలేదు. నేను రాసినదానికి హజరత్తయ్య నాలుగు మూలలా పసుపు రాసి, శుభవార్త లాగా పట్టుకెళ్ళి చదివి వినిపించేవాడు. ఆమె చెప్పి రాయించిన జవాబులు మేం ఎక్కడికీ పంపలేదు. మగబిడ్డ పుట్టాడు. నాలుగు నెలలు నిండాయి. చెప్పాల్సిన రోజు ఎప్పుడో దాటిపోయింది. ఆరు నెలల్లో పదకొండు ఉత్తరాలు రాశాను. ఇంకొక మాట కూడా దాచకుండా చెప్పాలి. చివరి నాలుగైదు రాస్తుంటే నాకు సంతోషంగానే ఉండేది.

ఇక పోయినవారం ఆగిన చోటికి వద్దాం. రోహిణి కార్తె, శుక్రవారం ఉదయం. నాగులమ్మ ఉతికిన కోక కట్టుకుని, బిడ్డనెత్తుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. "మా మామ రమ్మన్నాడు పోస్టుసారూ. బిడ్డనెత్తుకోని వాడెక్కి రమ్మన్నాడు. ఎల్లుండి రైలు" అంది. మామ అంటే మొగుడు, వాడ అంటే ఓడ. చేతిలో కాగితం. నాలుగు మూలలా పసుపు. లోపల అక్షరాలు నావి. ఆ ఉత్తరం నేను రాయలేదు.

*

ఏదో అడ్రసు సరిచూడాలని చెప్పి ఆ కాగితం నా దగ్గరే ఉంచుకున్నాను. హజరత్తయ్య ఉత్తరాలు పంచి వచ్చేసరికి పన్నెండు దాటింది.

మా ఆఫీసు కిటికీ పన్నెండు నుంచి రెండు దాకా మూసి ఉంటుంది. తలుపు సందులోంచి చూస్తే బయట ఊరు లేదు, ఇసక లేదు, అంతా తెలుపే. ఆ వేళకి సముద్రం చప్పుడు కూడా అణిగిపోతుంది. కాకులు ఎక్కడికి పోతాయో తెలియదు. చీకటంటే భయపడేవాళ్ళని చూస్తే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ తీరంలో రోహిణి కార్తె మధ్యాహ్నం ఒక్కటి ఒంటరిగా గడిపి చూస్తే తెలుస్తుంది.

ఆయన చెప్పులు బయట విడిచి, కాళ్ళ మీద నీళ్ళు పోసుకుని, క్యారియరు విప్పాడు. "కానగంత చేపల పులుసు తమ్ముడూ. నిన్నటిది, బాగా ఊరుండాది. రా."

నేను కాగితం బల్ల మీద పెట్టాను. "ఇది ఎవరు రాశారన్నా?"

ఆయన తుండుగుడ్డతో చేతులు తుడుచుకుని, కాగితం ఎత్తి చూశాడు. "నువ్వే గదా."

"నేను రాయలేదు."

"దస్తూరీ నీదే." ఆయన దాన్ని తలుపు సందు వెలుతురుకి పట్టాడు, సంతలో గుడ్డ నాణ్యం చూసేవాడి లాగా. "ఇదిగో, నీ తలకట్టు ఎప్పుడూ కుడివైపు వాలతాది. ఈడా వాలుండాది. ఎవురు చూసినా నీదే అంటారు."

"హజరత్తన్నా, నాతో ఆటలాడొద్దు."

ఆయన నొచ్చుకున్నట్టు చూశాడు. తర్వాత మొలతాడు నుంచి తాళంచెవి తీసి, మూలనున్న తన కొయ్యపెట్టె తెరిచాడు. ఆ పెట్టెలో ఆయన బట్టలు ఉంటాయనుకునేవాణ్ణి. పైన నిజంగానే మడత పెట్టిన ఖాకీ చొక్కా ఉంది. దాని కింద నుంచి ఒక నోటుపుస్తకం తీసి నాకు ఇచ్చాడు.

మొదటి పేజీలు ఎవరివో నిటారు అక్షరాలు. క్షేమం, క్షేమం, క్షేమం అని పేజీ నిండా. తర్వాత పేజీలో ఒకే సంతకం నలభైసార్లు.

"అది పద్మనాభయ్య గారిది. నీకు ముందుండిన పోస్టుమాస్టరు" అన్నాడు హజరత్తయ్య.

గోడ మేకుకి ఒక నల్ల గొడుగు వేలాడుతూ ఉండేది. పద్మనాభయ్య గారు మరిచిపోయి వెళ్ళిందని చెప్పారు నాకు. ఆ ఎండల్లో గొడుగు మరిచిపోయి ఎవడు బయటికి వెళ్తాడని ఏడాదిలో ఒక్కసారి కూడా అనుకోలేదు.

పేజీలు తిప్పాను. సగంలో అక్షరాలు మారాయి. మెత్తగా, కుడివైపుకి వాలుతూ. నా పేరు. నా సంతకం. మా అమ్మకి నేను రాసే మొదటి వరస. పేజీ పైన తేదీ ఉంది. నేను చలిజ్వరంతో తెలివి లేకుండా పడివున్న రోజుల్లో నాలుగోది. అంటే నా నుదుటి మీద తడిగుడ్డ వేసి, పక్కన కూర్చుని, ఆయన నన్ను రాయడం నేర్చుకున్నాడు.

"ఎందుకన్నా?" అన్నాను.

"ఎందుకంటే ఏం చెప్తాం. ఒకరి దస్తూరీ పట్టుబడితే ఆ మనిషి పట్టుబడతాడు. పద్మనాభయ్య గారు నొక్కి రాస్తాడు. ఒంగే రకం గాదు. 'ఒక్క ఉత్తరం ఒక్క పొద్దు ఆపి చూద్దాం సారూ, ఊరికే' అన్నా. నా మొగం తట్టు చూసి, ఏమీ అనకుండా లేచి పోయినాడు. మూడు నెల్లే ఉండినాడు. నువ్వు మెత్తగా రాస్తావు. అడగంగానే సరేనన్నావు."

ఆయన కంచంలో అన్నం పెట్టాడు, పులుసు పోశాడు, నా ముందుకి జరిపాడు. మాట మాత్రం ఆపలేదు.

"పదైదేళ్ళుగా ఈ ఇసకలో తిరగతా ఉండా తమ్ముడూ. నేను వస్తా ఉంటే అందురూ నా చేతిలోకి చూస్తారు. నా మొగంలోకి చూసినోడు ఒక్కడు లేడు. ఒక తూరి ఒక ఉత్తరం ఇయ్యకుండా జేబులో పెట్టుకున్నా. దుర్మార్గానికి గాదు, చూద్దామని. ఆ పూట ఆ ఇంట్లో నవ్వతా అన్నాలు తింటా ఉండారు. నేను గడపలో నిలబడి చూసినా. వాళ్ళు నవ్వేది నా జేబులో నుంచి గదా. దేవుడు గూడా ఇట్టనే చూస్తా ఉంటాడేమో అనిపించింది." ఒక ముద్ద కలుపుకున్నాడు. "కానీ ఆ పొద్దు నుంచి ఒంటిగా అయిపోయినా. ఇట్టాంటిది ఎవురికి చెప్పుకునేది? తోడు కావాల. నువ్వొచ్చినావు."

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టుకున్నాను. పట్టుకుని ఏం చేశాను? ఆ చివరి మాటకి నా కళ్ళు తడి అయ్యాయి. భయం వేసింది, అసహ్యం వేసింది, వాటితోపాటు ఆయన మీద జాలి కూడా వేసింది. ఏడాదిపాటు నాకు అన్నం పెట్టిన చెయ్యి అది.

"నాగులమ్మ ఆ దీవిలో దిగి ఎవరిని అడుగుతుంది? చంకలో నాలుగు నెలల పిల్లవాడు" అన్నాను.

"అందుకే గదా అంటా. ఆపు."

"ఎట్లా ఆపడం?"

"నాకు తెలిసి ఒకటే దోవ. నిజం చెప్పు." ఆయన చాలా మెల్లగా అన్నాడు, జ్వరంలో మందు మింగమన్నప్పటి గొంతుతో. "రోజూ తెల్లారి మోకాళ్ళ మీద కూకోని గొణుక్కుంటావే. ఏం దిగింది బరువు? మీ అమ్మ ఎలిశబెతమ్మ ప్రతి ఉత్తరంలోనూ అదే రాస్తాది గదా, ఒప్పుకున్నోడికి బరువు దిగతాదని."

మా అమ్మ ఉత్తరాలు అంటించిన కవర్లలో వచ్చేవి. ఒక్కటి కూడా ఆయనకి చదివి వినిపించలేదు. ఆ సంగతి ఆ క్షణంలో తోచింది, తోచి జారిపోయింది. నిజం చెప్పు అన్న మాట అంతగా పట్టేసింది నన్ను. ఆరు నెలలుగా ఎవరో ఒకరు ఆ మాట అంటారని ఎదురుచూస్తున్నాను మరి.

"నువ్వూ రా అన్నా."

"నేను చెప్తే పోస్ట్‌మ్యాన్ మాట. నువ్వు చెప్తే గవర్నమెంటు మాట. నువ్వే చెప్పాల." కంచం ఇంకొంచెం నా వైపు జరిపాడు. "తిని పో. ఎండగా ఉండాది."

ఇది రాయడం నాకు చాలా కష్టంగా ఉంది. తిన్నాను.

*

పట్టపుపాళెం మా ఆఫీసుకి రెండు ఫర్లాంగులు. దారిలో బడి తాళం వేసి ఉంది. పంతులు వేసవి సెలవులకి కోవూరు వెళ్ళి నెలయింది. ఊరి మొత్తానికి అక్షరం తెలిసినవాళ్ళం హజరత్తయ్య, నేను, ఇద్దరమే మిగిలాం. అప్పుడు ఆ సంగతి నాకు అక్కర్లేనిదిగా అనిపించింది.

నాగులమ్మ గుడిసె ముందు నీడలో తాటాకు బుట్టలో ఉప్పుచేపలు సర్దుతోంది, మొగుడికి పట్టుకెళ్ళడానికి. పాత వల ముక్కతో కట్టిన ఉయ్యాలలో బిడ్డ నిద్రపోతున్నాడు. పోలయ్య తల్లి అంకాలమ్మ గడపలో కూర్చుని తాడు పేనుతోంది.

"ఏంది పోస్టుసారూ ఈ ఎండలో" అంది నాగులమ్మ. నవ్వింది కూడా.

నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. పోలయ్య లేడని, కార్తీకంలోనే పోయాడని, దుంగ మీదపడిందని, కడుపుతో ఉన్న మనిషికి చెప్పలేక దాచామని. నాగులమ్మ బుట్టలో చెయ్యి అట్లాగే ఉంచి వింది.

"మరి ఉత్తరాలు?"

"నేను రాశాను."

"అన్నీనా?"

చివరిది తప్ప అనబోయాను. ఆ తేడా ఆమెకి దేనికి పనికొస్తుంది? "అన్నీ" అన్నాను.

ఆమె ఉయ్యాల వైపు చూసింది. "గంగరాజని పేరు పెట్టమనింది గూడా నువ్వేనా?"

అవునని తల ఊపాను. అది ఏడో ఉత్తరంలో రాశాను. పేరు కోసం ఒక సాయంత్రమంతా ఆలోచించి, బాగా కుదిరిందని మురిసిపోయాను. నాగులమ్మ ఏడవలేదు. లేచి, ఉయ్యాలలో నుంచి బిడ్డని తీసుకుని, నాకు కనపడకుండా కొంగు కప్పుకుని లోపలికి పోయింది. ఆ తర్వాత లోపల నుంచి వచ్చిన శబ్దం గురించి రాయను.

అంకాలమ్మ తాడు కింద పెట్టింది. "మైల కార్డు యాడ?"

"చించేశాడు హజరత్తయ్య. అప్పుడే."

"చించినాడా. ఆచారం తప్పలా" అంది. ఆమె మొహంలో ఏమీ లేదు. "చచ్చినోడి పేరు మీద ఆర్నెల్లు పసుపు రాసుకునింది నా కోడలు. మొగోళ్ళు వేటకి పోయుండారు. ఇంకొక పొద్దు గూకనిస్తే గంగమ్మ ఊరుకోదు. ఈ సాయంత్రమే ఒడ్డున గాజులూ బొట్టూ తీసేస్తాం. నువ్వు పో నాయనా."

నాయనా అంది. తిట్టి ఉంటే బాగుండేది.

తిన్నగా ఆఫీసుకి రాలేదు. రెండింటికి కిటికీ తెరవాలని గుర్తుంది, అయినా కాలువ గట్టు మీద చాలాసేపు కూర్చున్నాను. ఒక ఉప్పు పడవ పోయింది. ఏమాటకామాటే చెప్పాలి, నిజంగానే బరువు దిగింది. ఆరు నెలల తర్వాత గుండెల నిండా గాలి పీల్చుకున్నాను. ఎండ చల్లబడ్డాక లేచి నడుస్తుంటే, చిన్నప్పుడు ఆదివారం బడిలో పాడిన పాట ఒకటి నోటికి వచ్చింది. పాడుకుంటూనే వచ్చాను. ఇన్నేళ్ళయినా ఆ పాట ఎక్కడ వినపడినా నేను లేచి బయటికి వెళ్ళిపోతాను.

*

ఆఫీసు తలుపు తెరిచి ఉంది. హజరత్తయ్య లేడు. ఆయన కొయ్యపెట్టె మూత కూడా తీసి ఉంది. ఖాకీ చొక్కా లేదు.

నా బల్ల మీద నడిమధ్యన ఒక కార్డు పెట్టి ఉంది. నాలుగు మూలలా పసుపు. వేలు పెట్టి చూస్తే ఇంకా తడి.

తిప్పి చదివాను. కార్తీకంలో చదివిన మైల కార్డు. చించేశాడనుకున్నది. పోలయ్య, దుంగ, కాలం చేసినాడు, అన్నీ అవే మాటలు. చావు కబురుకి పసుపు పూసి పెట్టాడు.

ఆ కార్డుని నేను అంతసేపు చేతిలో పట్టుకోవడం అదే మొదటిసారి. మొదటిసారి అరనిమిషం కూడా పట్టుకోలేదు. మైల కార్డుని ఎవరూ పట్టుకోరు. చదువుతారు, చించుతారు, కడుక్కుంటారు. ఆ ఊళ్ళో పుట్టినవాడికి అది తెలుసు. పరాయి ఆచారం పాటిద్దామనుకున్న నాలాంటివాడు ఇంకా తొందరపడతాడని కూడా తెలుసు.

పోస్టాఫీసులో ఒక్క నెల పనిచేసినవాడు ఎవడైనా చెప్పే సంగతి ఇది. ఏ ఉత్తరం మీదైనా రెండు ఊళ్ళ ముద్రలు ఉంటాయి. బయలుదేరిన ఊరిది ఒకటి, చేరిన ఊరిది ఒకటి. ఆ కార్డు మీద కూడా రెండు ముద్రలు ఉన్నాయి. రెండూ చవిటిపాళెంవే.

పోర్ట్‌బ్లేరు ముద్ర కోసం కార్డుని ఎన్నిసార్లు తిప్పానో తెలియదు. ఆ కార్డు సముద్రం దాటలేదు. సంచీలో రాలేదు. ఈ గదిలో, ఈ బల్ల మీద, నేను పెరట్లో స్నానం చేస్తుండగా పుట్టింది.

కార్డు కింద దారంతో కట్టిన ఇన్‌లాండు కవర్లు ఐదు ఉన్నాయి. అన్నీ నాగులమ్మ పేరు మీద. ఒక్కొక్క దాని మీద పోర్ట్‌బ్లేరు ముద్ర, దాని పక్కన మాది. ఒక్కటీ విప్పలేదు. పైది చించాను. పది రోజుల కిందట రాసింది.

"నాగులుకి, అమ్మకి, పోలయ్య రాయించేది. నేను ఇక్కడ క్షేమం. నాలుగు ఉత్తరాలు వేసినా ఒకదానికీ జవాబు లేదు. బిడ్డ పుట్టిందో లేదో తెలవలా. మేస్త్రీని బతిమాలుకుని ముందుగానే సెలవు తీసుకున్నాను. వచ్చే శుక్రవారం వాడెక్కుతున్నాను. నాగులూ, నువ్వు బాగుండావనే ఒక్క మాట ఎవురితోనన్నా రాయించు" అని ఉంది.

పోలయ్య బతికే ఉన్నాడు. నేను అతన్ని ఆ మధ్యాహ్నం, అతని గుడిసె ముందు నిలబడి, గవర్నమెంటు మాటగా చంపి వచ్చాను. ఆరు నెలలు నేను రాసిన అబద్ధాలన్నీ నిజాలు. నేను చెప్పిన ఒక్క నిజం అబద్ధం.

ఆయన నన్ను ఏమీ బలవంతపెట్టలేదు. అదే నన్ను ఇప్పటికీ పట్టి పీడించేది. దాచమంటే దాచాను. రాయమంటే రాశాను. ఒప్పుకోమంటే ఒప్పుకున్నాను. నా మెత్తదనం ఎంత దూరం పోతుందో కొలుచుకుంటూ వచ్చాడు, నేను నిజం చెప్పడం కూడా తన జేబులో నుంచే జరిగేటట్టు చూసుకున్నాడు.

సముద్రం వైపు నుంచి ఆడవాళ్ళ గొంతులు వినపడ్డాయి. ఏడుపు కాదు, ఇంకా ఏడుపు కాలేదు. అందరూ కలిసి ఒకే మాటని సాగదీసి అంటున్నట్టు ఉంది. పొద్దు కాలువ అవతల తాడిచెట్ల నెత్తి మీదికి దిగింది. నేను ఉత్తరం పట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను.

*

ఒడ్డున ఆడవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. మధ్యలో నాగులమ్మ, సముద్రం వైపు తిరిగి కూర్చుని ఉంది. చివరిసారిగా అలంకారం చేశారు. మొహం నిండా పసుపు, రూపాయంత బొట్టు, తలలో కనకాంబరాలు, మోచేతుల దాకా గాజులు. పెళ్ళికూతురిలాగా ఉంది. ఆమె ముందు ఇసకలో చదునైన రాయి ఒకటి, పక్కన ఒక ముసలామె చేతిలో ఇంకొక రాయి. బిడ్డ ఎవరి చంకలోనో ఏడుస్తున్నాడు.

గుంపుకి కొంచెం ఎడంగా, ఉతికిన ఖాకీ చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని హజరత్తయ్య నిలబడి ఉన్నాడు. పెద్దమనిషి కదా, పిలిచి ఉంటారు.

"ఆపండి" అన్నాను. రొప్పుతో మాట సరిగా రాలేదు. "పోలయ్య బతికే ఉన్నాడు. ఆ కార్డు దొంగ కార్డు. ఉత్తరం వచ్చింది, ఇదిగో. ఓడెక్కి వస్తున్నాడు."

ఎవరూ కదల్లేదు. నాగులమ్మ ఒక్కతే మెల్లగా తల తిప్పి నా వైపు చూసింది. ఆ చూపులో ఆశ లేదు. పిల్లలు దగ్గరకొచ్చిన పిచ్చివాణ్ణి చూసినట్టు, కొడతాడేమోనని చూసినట్టు చూసింది.

"రమ్మన్నాడని రాస్తివి" అంది అంకాలమ్మ. "మద్దేనం చచ్చినాడంటివి. ఇప్పుడు వస్తా ఉండాడంటావు. ఏందయ్యా ఇది?"

హజరత్తయ్య రెండడుగులు ముందుకి వేశాడు. ఆయన మొహం నిండా దిగులు, నిజమైన దిగులు. నా భుజం మీద చెయ్యి వేశాడు.

"సారుకి మనసు బాగలేదమ్మా. ఆర్నెల్లుగా లోపల లోపల కుమిలిపోయినాడు. ఇప్పుడు చెప్పి, మిమ్మల్ని చూసి తట్టుకోలేక పోతా ఉండాడు. మళ్ళీ ఒకటి రాసుకొచ్చినాడు పాపం." నా వైపు తిరిగాడు. "పోదాం రా తమ్ముడూ."

"దీని మీద ముద్ర ఉంది, చూడండి" అన్నాను. కాగితం వాళ్ళ ముందు పట్టాను. నల్లటి గుండ్రని మచ్చ ఒకటి. దాన్ని చూసి ఏం అనుకోవాలో అక్కడ ఒక్కరికీ తెలియదు. మింగలేక కక్కలేక నిలబడ్డాను. నా దస్తూరీ ఇది కాదని చెప్పాలన్నా, పదకొండు ఉత్తరాలు రాసింది నేనేనని ఆ మధ్యాహ్నమే ఒప్పుకుని వచ్చాను.

రాయి పట్టుకున్న ముసలామె పొద్దు వైపు చూసింది. ఇంకా బెత్తెడు ఉంది.

అంకాలమ్మ వచ్చి నా చేతిలో నుంచి కాగితం తీసుకుంది. అటూ ఇటూ తిప్పింది. వాసన చూసింది. కొడుకు కదా. నమ్మకూడదనుకుంటూనే నమ్మాలని ఉంది ఆమెకి.

"నీ నోటితో వద్దు" అంది నాతో. "పదైదేళ్ళుగా మాకు చదివిపెట్టే మనిషి చదవాల." కాగితాన్ని హజరత్తయ్య చేతిలో పెట్టింది. "ఏముందో చదవయ్యా. ఉండేది ఉండినట్టు చదువు."

నాగులమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఆయన మొహంలోకి చూసింది. అందరూ చూశారు. ఎన్నాళ్ళుగానో ఆయన కోరుకున్నది అదే అనుకుంటాను. ఆయన కాగితం విప్పి, మడతలు చేత్తో సాపు చేసి, నా వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. జ్వరంలో నా మంచం పక్కన కూర్చున్నప్పటి చూపే.

ఆ ఉత్తరం "నాగులుకి, అమ్మకి" అని మొదలవుతుంది. హజరత్తయ్య గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు.

ఆయన చదివిన మొదటి మాట ఆ కాగితంలో లేదు.